డాక్టరమ్మను చూసి లేచిన మాస్టారు

మొన్న ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో మా వియ్యపురాలికి ఊపిరితిత్తిలోంచి సూదితో ముక్క తీస్తుంటే తోడు వెళ్ళాను. సూది తీసీ తీయగానే ఆవిణ్ణి లేవనీయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం చూసేసరికి, సి.టి. స్కానులు తీసే టెక్నాలజిస్టుగా నేను కొత్తగా చేరిన రోజుల్లోని మా పెద్ద డాక్టరమ్మ గుర్తుకొచ్చారు. తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ, నవ్వడం తక్కువ, కంగారు పడటం మాత్రం ఎవరూ ఎరగరు. అబ్బ, ఏం మనిషండీ!

కూతురి దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చిన ఒక తెలుగు మాస్టారికి ఛాతీలో మచ్చ కనబడి, క్యాన్సరేమోనని బయాప్సీకి తీసుకొచ్చారు. కదలకూడదని కూతురు ముందే నచ్చచెప్పింది, ఆయనా బుద్ధిగా తలూపారు. తీరా అంతా సవ్యంగా ముగిసి, చివరి స్కాను చూడటానికి అద్దం ఇవతల మా కంప్యూటర్ల దగ్గరికి వచ్చిన డాక్టరమ్మ మళ్ళీ గదిలో అడుగుపెట్టగానే, ఆయన చేతులు జోడించి చటుక్కున లేచి కూర్చున్నారు. మన పెద్దవాళ్ళకు ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

నమస్కారం పూర్తికాకుండానే కుడిచెయ్యి జారిపోయింది, నాలుక మడతపడింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, షుగర్ పడిపోయిందేమోనని నేనూ నర్సూ అనుకునేలోపే ఆవిడ ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టించి, తలకు స్కాను తీయించారు. సూది చేసిన దారిలోంచి గాలి రక్తంలోకి దూరి, ఆయన లేవగానే పైకెక్కి మెదడుకు చేరిందట. ఎంత అరుదంటే, ఆవిడా అప్పటిదాకా పుస్తకాల్లో చదవడమే. ఆ గాలి కరగడానికి ఒత్తిడి పెంచిన ఆక్సిజన్ గదిలోకి పంపేదాకా ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. బయట కూతురు నన్ను పట్టుకుని, "నాన్నకి స్పీచ్ పోతే ఎలా అక్కా, ఆయనకి మాటలే ప్రాణం" అని ఏడుస్తుంటే నాకూ దుఃఖం ఆగలేదు.

మర్నాటికి మాట వచ్చింది! మచ్చ కూడా పాత టీబీదేనని తరువాత తేలింది. ఎందుకు లేచారండీ అంటే, "డాక్టరు గారొస్తే పడుకుని ఉండటం ఏం మర్యాదమ్మా?" అన్నారు. అది నేను ఇంగ్లీషులో చెబితే డాక్టరమ్మ ఆయన్ని ఒక్కమాట అనలేదు. ఆ తరువాత మనవాళ్ళెవరొచ్చినా, నన్ను ముందు పంపి, తనను చూసి లేవద్దని తెలుగులో చెప్పించాకగానీ గదిలోకి వచ్చేవారు కాదు.

ఇప్పుడు స్కానులు వేగమయ్యాయి, సూదులు సన్నబడ్డాయి, డాక్టరును చూసి లేచే రోగులూ కరువయ్యారు. వైద్యానికి అది మేలే, ఉద్యోగం చేసినన్నాళ్ళూ లేవద్దనే నేనూ చెప్పాను. కానీ ఆవిడ రిటైరైన రోజున గదిలోకి వస్తే, ఎవరూ చెప్పకుండానే మేమంతా లేచి నిలబడ్డాం. అలా లేవాలనిపించిన మనిషి నాకు మళ్ళీ తారసపడలేదు.