జేజి ఎవరి పార్టిషన్‌కు?

నా చిన్నప్పుడు, ఎమ్మిగనూరులో మా నాయన, చిన్నాయన వేరుపడిన రోజున ఒక ఇంగ్లీషు మాట విన్నాను. ఆదోని నుంచి వచ్చిన పత్రాలు రాసే ఆయన, కాగితం చదువుతూ మాటిమాటికీ ‘పార్టిషన్’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. చిన్నాయన కూతురు నాకంటే ఏడాది పెద్దది, బడికి పోయేది. నన్ను పంపలేదు.

“పార్టిషన్ అంటే ఆస్తి పంచుకునేది. మా బడిలో రెండు క్లాసుల నడుమ నిలబెట్టిన తడికెను గూడా అట్లే అంటారు” అని అక్క చెప్పింది. ఒక్క మాటకు రెండు అర్థాలు తెలిసినందుకు దాని మీద నాకు కడుపు మండింది.

పంపకంలో మాకు వీధివైపు గది, వాళ్లకు వెనక గది, చెరొక మగ్గం వచ్చాయి. మా నాయనను కన్న తల్లి, మా జేజి మాత్రం వాళ్ల దగ్గరే ఉంటానంది. చిన్నమ్మకు నెలలు నిండుతున్నాయన్న సంగతి నాకు పట్టలేదు. ఇకమీదట జేజి పక్కన పడుకునేది అక్క. నాకు తెలిసింది అంతే.

మూడోనాడు, వాళ్లందరూ వంటింట్లో అన్నం తింటుండగా, చిన్నాయన మగ్గం మీద నిలువునా బిగించిన పడుగు పోగులు గుప్పెడు కత్తిరించేశాను. వెనక్కి తిరిగితే జేజి!

“ఎందుకు కోసినావు?”

“నువ్వు వాళ్ల పార్టిషన్‌కు పోయినావు కదా!” అని ఏడ్చాను.

“నేనేమన్నా మగ్గమా, పంచుకునేకి?” అంది జేజి. కొట్టలేదు. పోగులు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంది. తెగిన కొసలు ఒక్కొక్కటే వెతికి ఇమ్మంది. నేను ఇస్తుంటే మెలిపెట్టి అతుకుతోంది. ఇంతలో అక్క వచ్చి కత్తెర చూసింది, నన్ను చూసింది. వాళ్ల నాయనను పిలుస్తుందనుకున్నాను. అది అవతలి పక్క చేరి తనూ కొసలు వెతకసాగింది.

చిన్నాయన వచ్చాడు. “పోగులు తెగినాయప్పా, అతుకుతాండాము” అంది జేజి. అక్క ఇంకో కొస వెతికి జేజికి అందించింది.

పని అయ్యాక, ‘పార్టిషన్’ అన్న మాట రాయడం నేర్పమని అక్కను అడిగాను. పలక తెచ్చి నేర్పింది. నా జీవితంలో నేను రాసిన మొదటి మాట అదే. అయినా పొద్దుగూకి జేజి వెనక గదిలోకి పోతుంటే నాకు మళ్లీ కుళ్లు పుట్టింది.

ఇన్నేళ్లొచ్చినా ఆ కుళ్లు నన్ను పూర్తిగా విడిచిపోలేదు. ఎవరి మీదైనా ఈర్ష్య పుడితే, వాళ్లింటికే పోయి చేతికందిన పనిలో సాయం చేస్తాను. కాసేపటికి వాళ్లు మామూలు మనుషుల్లా కనిపిస్తారు.