ముందు వరుసలో రాణి

మా శ్రీకాకుళం నాటక సమాజంలో రాణి వేషం ఎప్పుడూ మేమంతా అక్కా అని పిలిచే ఆమెదే. పద్యం ఎత్తుకునే ముందు ఎడమ చెవి మీద అరచెయ్యి ఆనించేది. పక్కన చెలికత్తెను నేను. వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక పెద్ద టూరింగ్ కంపెనీకి వెళ్లి అదే వేషం అడిగితే, "ఈ యాసతో రాణివా?" అని నవ్వి పంపేశారట.

నిరుడు విజయనగరంలో మేమూ ఆ కంపెనీవాళ్లూ ఒకే రోజు ఒకే నాటకం పెట్టాం. వాళ్ల సెట్టింగులు చూడటానికి జనమంతా అటే పోయారు. ఖాళీ కుర్చీల ముందు మా ఆట ఆగిపోయింది.

మర్నాడు వాళ్ల మధ్యాహ్నపు ఆటకు అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. వాళ్ల రాణి పద్యం మొదలుపెట్టగానే అక్క చెవి మీద చెయ్యి వేసుకుని లేచి, అదే పద్యాన్ని ఇంకా పై స్థాయిలో అందుకుంది. వాళ్ల హార్మోనియం కూడా అక్క వెంటే నడిచింది. హాలంతా "వన్స్‌మోర్" అని ఒకటే కేకలు. వేదిక మీది పిల్ల ముఖం కప్పుకుని లోపలికి పరుగెత్తింది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"పాపం, ఆ పిల్లేటి సేసిందక్కా?"

"ఏటీ సెయ్యనేదు," అంది అక్క ఆటో ఆపుతూ. "ఆరోజు నన్ను సూసి నవ్వినప్పుడు నానేటి సేసినానే?"