పండుగ కాని మామిడికాయ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కిరండూల్ గనుల కాలనీలో పెరిగి, రాయ్‌పూర్‌లో కౌన్సెలింగ్ చదువుకుని, భోపాల్‌పట్నం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో దిగాను. సంచిలో ఒక ఆట కూడా తెచ్చాను. కథ నేను చెబుతాను. పిల్లలు తలా ఒక వేషం ఎంచుకుని, ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి కథ నడుస్తుంది. అలా ఆడుతుంటే మనసులో దాచుకున్న భయాలు మెల్లగా బయటికొస్తాయట. (మా దగ్గర ముందు బయటికొచ్చింది మాత్రం పాచిక ఎవరు వేయాలన్న జుట్టూజుట్టూ పట్టుకునే గొడవ.)

నా బెంగంతా ఒక చిన్నదాని గురించే. తల్లి జ్వరంతో పోయినప్పటినుంచి ఆ పిల్ల నోట మాట లేదు. అదే హాస్టల్లో చదువుతున్న అక్క చున్నీ పట్టుకుని తిరిగేది. ఆటలో దారి చూపే వేషం తీసుకుంది గానీ, వేలు చూపడమే తప్ప నోరు విప్పలేదు. చివరికి మా పై అధికారి, పెద్ద మేడమ్, తేల్చి చెప్పేసింది: "శనివారం నేనొచ్చి చూస్త. అప్పటికీ మాట్లాడకుంటే జగ్దల్‌పూర్ స్పెషల్ స్కూల్‌కి పంపుడే." అంటే అక్క నుంచి విడదీయడమే.

శనివారం మేడమ్ ఒళ్లో కాగితాలు పెట్టుకుని కూర్చుంది. నేను దుప్పటి కప్పుకుని రాక్షసుణ్నయ్యాను. అక్క వేసిన పాచికలో ఒకటే పడింది. ఆమె వేషంలోని వీరనారి దెబ్బతిని అడవిలో కూలబడింది. "ఎదురుగా చెట్టుకు కొత్త మామిడికాయ! తింటే బతుకుతావు, లేకపోతే చస్తావు!" అని గొంతు పెంచాను. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. ఆహా, ఎంత లీనమైపోయారో అని మురిసిపోయాను. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేరేది తినొచ్చా దీదీ?" అంది. "ఇంకేం లేదు, తిను!" అన్నాను. మేడమ్ వాచీ చూసుకుంది. అక్క గాలిలోకి చెయ్యి చాచింది.

ఆ చేతిని చిన్నది గబుక్కున పట్టుకుంది. "తినకు అక్కా! పండుగ కాలే!" అని అరిచి నా వైపు తిరిగింది. "ఏంది దీదీ, నీకు తెల్వదా? పండుగ కాకముందు కొత్త కాయ ఎట్ల తింటది?"

నిజంగానే నాకు తెలియదు. మా కాలనీలో కాయ దొరికిన రోజే ఉప్పూకారం అద్దుకుని తినేసేవాళ్లం. ఈ పిల్లల ఊళ్లలో దేవుడికి పెట్టి పండుగ చేసేదాకా, కీడని ఎవరూ నోట పెట్టరు. "మరి అక్క చచ్చిపోతుంది కదమ్మా?" అన్నాను ఏడుపు ఆపుకుంటూ. "అయితే ముందు పండుగ చేద్దాం," అంది. తర్వాత అరగంట మమ్మల్నందరినీ ఆ పిల్లే నడిపించింది. నీళ్లెవరు తేవాలో, దేవుడి ముందు కాయ ఎవరు కొయ్యాలో అంతా చెప్పింది. మధ్యలో నన్ను చూసి, "రాక్షసుడా, ఊకె నిలబడ్డవేంది? కట్టెలు తే!" అని కసిరింది. తెచ్చాను.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుని కాగితాలు మడిచింది. "పిల్ల ఇక్కడ్నే ఉంటది. స్కూల్‌కి నిన్ను పంపాలె," అంది.

నేను మాత్రం ఆ వారం రిపోర్టులో 'నా పద్ధతి ఫలించింది' అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యం గుర్తొస్తే సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. దుప్పటి కప్పుకుని, చెమటలు కక్కుతూ, పసిపిల్ల చెప్పిన చోటికల్లా పరుగెత్తిన ఆ అమ్మాయి, అప్పటి నేను, నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆమె జీవితంలో రాసిన అబద్ధాలలో అంత సంతోషంగా రాసింది ఇంకొకటి లేదు.