వెళ్ళిన వేళ లేని వరుస

మా ఐజాక్ తాతకి ఏ కబురైనా సగమే చాలు. నాయనమ్మ మా ఊరు బీర్‌గావ్ బజారులో విన్నవన్నీ చెబుతుంటే మధ్యలో ఆపేవాడు.

"ఇందులో నేను తేవాల్సిందేంటి?"

"వంకాయలు."

"అంతే కదా."

పక్కనున్న ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. అక్కడా అదే బుద్ధి. షిఫ్టులో ఎవరెవరు లాగిన్ అయ్యారో చెప్పమని కమాండ్ ఇస్తే కంప్యూటర్ బారెడు వరుసలు కక్కేది. వాటిలోంచి పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ మాత్రమే ఏరడానికి తాత ఒక రెజెక్స్ రాశాడు. అంటే, వరుస ఎలా ఉండాలో చెప్పే నమూనా. అలా లేని వరుసను అది ముట్టుకోదు.

"జల్లెడేగా తాతా" అన్నాను.

"తొమ్మిదో తరగతి తప్పినదానివి, జల్లెడ మాట నువ్వెత్తకే" అన్నాడు.

తాత చిన్న కొడుకు డేనియల్ బాబాయి కూడా ఆ ఫ్యాక్టరీలోనే, కంట్రోల్ రూములో. 2014 వానాకాలంలో ఒక పొద్దున డ్యూటీకి వెళ్ళి, టీ తాగడానికి రోడ్డు మీదికొచ్చి లారీ కింద పడి చనిపోయాడు.

నెలాఖరుకి ఫ్యాక్టరీలో తాత రెజెక్స్ ఏరిన వరుసల్లోంచి హాజరు తీశారు. చనిపోయిన రోజు బాబాయి డ్యూటీకి రాలేదని ఉంది. ఆ మాట గుమాస్తా నోట నాయనమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఆమె ఏడవడం మానేసింది.

"అన్నం డబ్బా చేతికిస్తే డ్యూటీకే అమ్మా అన్నాడు. నాకు ఝూట్ చెప్పి వాడు ఎక్కడికి పోయాడండీ?"

మర్నాడు తాత ఆ రోజు వరుసలన్నీ, ఏరకుండా, పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చాడు. ఇద్దరం వెతికాం. బాబాయి పేరు ఉంది. వచ్చిన వేళ ఉంది. వెళ్ళిన వేళ ఉండాల్సిన చోట మాత్రం అంకెలు లేవు, ఏవో ఇంగ్లీషు మాటలు. తాత మెల్లిగా చదివి చెప్పాడు. 'పోయాడు, లాగౌట్ లేదు' అని.

"ఎస్తేరూ, ఇలా రా. నీ కొడుకు ఝూట్ చెప్పలేదు. డ్యూటీకే వచ్చాడు. వెళ్ళిన వేళ లేదని నా రెజెక్సే వాణ్ణి పారేసింది."

నాయనమ్మ తెర మీద ఆ పేరుని వేలితో ముట్టుకుంది. "చెప్పకుండా పోయేవాళ్ళు కూడా ఉంటారని మీకు తోచలేదా?"

"తోచలేదే."

తాత రెజెక్స్‌లో వెళ్ళిన వేళను బ్రాకెట్లలో పెట్టి, పక్కన ప్రశ్నార్థకం చేర్చాడు. ఉన్నా సరే, లేకపోయినా సరే అని దానర్థమట. మళ్ళీ నడిపాడు. ఈసారి బాబాయి పేరు వచ్చింది, పక్కన వచ్చిన వేళ, ఆ పక్కన ఖాళీ. నాయనమ్మ అప్పుడు ఏడ్చింది.

తాత రిటైరయ్యాడు. ఇప్పుడు నాయనమ్మ బజారు కబుర్లు వంకాయల దగ్గర ఆపకుండా వింటాడు. నేను చెప్పులేసుకుంటే చాలు, గుమ్మంలో ప్రత్యక్షం.

"చెప్పి వెళ్ళవే."

"సందు చివరికే కదా తాతా. దానికీ హాజరా?"

"అయినా సరే."

వెళ్ళొస్తానంటాను. అన్నాక కూడా, తిరిగొచ్చేదాకా లోపలికి పోడు.