చివరి పల్లెలో నా ప్రచారం

ఆ ఉప ఎన్నికలో మా అభ్యర్థిని ఓడించిందెవరని ఎల్లారెడ్డిలో ఎవరినడిగినా అవతలి పార్టీ పేరే చెబుతారు. పాపం, వాళ్లకేం తెలుసు! ఆ ఘనకార్యంలో నా వాటా వింటే మీరు నోరెళ్లబెడతారు.

ఉన్న ఎమ్మెల్యే రాజీనామా చేయడంతో వచ్చిన ఎన్నిక అది. కామారెడ్డిలో నా సెల్‌ఫోన్ల దుకాణానికి తాళం వేసి ప్రచారంలోకి దూకాను. మా పార్టీ పెద్ద నర్సింలన్న నన్ను పిలిచి, "పోచారం దాటినంక చివరి పల్లె నీది. ఆడ మెజారిటీ తెస్తే యూత్ ప్రెసిడెంట్ నువ్వే" అన్నాడు. ఆ పదవి కోసం నేను మూడేళ్లుగా ఆయన వెనకే తిరుగుతున్నాను.

చివరి పల్లె అన్నాడు కదా! దారిలో ఒక ఊరొచ్చింది. దాని తర్వాత ఇంకో ఊరుంటే ఇది చివరిదెలా అవుతుందని బండి ఆపలేదు. ఆ ఇంకో ఊళ్లో దిగాను. గోడల మీద ఒక్క పోస్టరూ లేదు. అవతలి పార్టీ వాళ్లు నాకు భయపడి ఇటు రాలేదనుకుని మీసం దువ్వుకున్నాను.

ఇంటింటికీ తిరిగి దండాలు పెట్టాను. యాటను కోయించి ఊరంతటికీ భోజనాలు పెట్టించాను. పోచమ్మ గుడి ముందు అందరి చేతా ఒట్టు కూడా వేయించాను. అంత సంతోషంగా ఒట్టేసే జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఓటు లేదు, పోలింగ్ బూత్ లేదు, నేను మాత్రం మెజారిటీ లెక్కేసుకుంటున్నాను.

పోలింగ్ రోజు పొద్దున్నే ఆటోలతో వెళ్లాను. బడిలో పిల్లలు గట్టిగా ఎక్కాలు చదువుతున్నారు. ఆడవాళ్లు నాట్లకు బయల్దేరారు. ముందు నడుస్తున్న లచ్చవ్వ అనే పెద్దావిడను ఆపి, ఓటెయ్యరా అని అడిగాను.

"మాకు ఓటేడిది బిడ్డా? ఎన్నికలు గా వెనక ఊరి దాకనే. మాది మెదక్ దిక్కు, మా ఎమ్మెల్యే వేరే."

"మరి ఒట్టెందుకు ఏసిండ్రు అవ్వా?"

"పిలిచి అన్నం పెట్టినోని మనసు ఎట్ల ఇరగ్గొడ్తం? మీ మనిషి గెలవాలని మొక్కినం గూడ."

నేనింకా తేరుకోకముందే నర్సింలన్న ఫోన్ చేశాడు.

"ఏమైందిరా? మనోళ్లు ఒక్కలన్న వచ్చి దండం పెట్టలేదని నీ ఊరంత అలిగి, అవతలోళ్లకు ఓట్లు గుద్దుతున్నరట. నువ్వేడ సచ్చినవ్?"

మెదక్‌లో ఉన్నానని చెప్పలేక, సిగ్నల్ లేనట్టు ఫోన్ కట్ చేశాను.

పోచమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకెవరికి ఓటు కోసం దండం పెట్టాలన్నా, ముందు వాళ్లకు ఓటుందో లేదో కనుక్కున్నాకే చేతులు జోడిస్తాను.