దవాఖాన చీర

మా చిన్నప్పుడు మా బస్తీలో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఒకరిని అడిగే పనే లేదు... ఎవరింటి ముందు దండెం మీద ఆకుపచ్చ చీర ఆరుతోందో చూస్తే చాలు.

అశోక్‌నగర్ నాలా పక్కన రేకుల ఇళ్లు మావి. అందరం పాలమూరు నుంచి వచ్చినవాళ్లమే. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఏ మేస్త్రీ పిలిస్తే ఆ బిల్డింగు పనికి పోయేవాళ్లు మా అమ్మా నాన్నా.

ఆ చీర మా పక్కింటి బాలమణక్కది. తను గిన్నెలు తోమే ఇంటమ్మ దసరాకి ఇచ్చింది. జరీ అంచు, అంచు నిండా మామిడి పిందెలు... సందుగలో కలరా ఉండలు వేసి దాచేది. కానీ ఆమె కట్టుకున్నది తక్కువ, బస్తీ ఆడవాళ్లు కట్టుకున్నదే ఎక్కువ. ఎందుకంటే అది దవాఖాన చీర!

నవ్వకండి... దానికో కథ ఉంది. అంతకుముందు ఒకసారి అమ్మ చేతికి ఇటుక పడి దెబ్బ తగిలితే పనిలోంచి అలాగే సర్కారు దవాఖానకు పోయింది. ఒంటినిండా సిమెంటు. తలుపు దగ్గర ఆయమ్మ, "ఏయ్, గోడకు ఆనకు! జర దూరం జరుగు" అని కసిరింది. లోపల డాక్టరు తలెత్తకుండానే చీటీ రాసి పంపేశాడు. అమ్మ ఇంటికొచ్చి దెబ్బకు కాదు, ఆ మాటకు ఏడ్చింది. అప్పుడు బాలమణక్కే సందుగ తెరిచింది. "ఈసారి పోతే ఇది కట్టుకొని పో. ఎవడు కసురుతడో చూద్దాం."

అంతే... అది అందరి చీర అయిపోయింది. పొట్టివాళ్లు కుచ్చిళ్లు రెండు చుట్లు దోపుకునేవాళ్లు. జాకెట్టు మాత్రం ఎవరి చిరుగు వాళ్లదే. "పైన పటారం, లోన లొటారం!" అని బాలమణక్క పడీ పడీ నవ్వేది. ఉతికి, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసి తిరిగి ఇవ్వాలి. ఒకసారి ఎల్లమ్మత్త క్రాస్‌రోడ్స్‌లో సినిమాకి కట్టుకుపోయిందని బస్తీ అంతా ఆమెను దులిపేసింది పాపం!

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకు దగ్గు పట్టుకుంది. తగ్గదే... మనిషి పుల్లలా అయిపోయింది. రాత్రిళ్లు ఒళ్లు కాలిపోయేది. పోదాం అంటే, ఒకరోజు కూలి పోతుందనేది. సరే అనుకున్న రోజు చీర ఇంకొకరి దగ్గర ఉండేది. తర్వాత ముసురు... చీర ఆరలేదు. ఆరని చీర కోసం అమ్మ ఆగింది చూడండి, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది. అమ్మ చచ్చిపోతుందేమోనని దుప్పట్లో దూరి ఏడ్చేదాన్ని.

చివరికి వంతు వచ్చింది. బోర్డులు చదవడానికి నన్ను వెంట తీసుకుపోయింది. లోపల కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. అమ్మను చూసి, చీరను చూసి ఆగిపోయింది.

"ఈ చీర నాకు ఎరుకే. పోయిన వారం మోకాళ్ల నొప్పులని ఒక ముసలమ్మ కట్టుకొనొచ్చింది. అంతకుముందు ఇంకొకామె..."

అమ్మ రెండు చేతులూ జోడించింది. "దొంగతనం చెయ్యలేదమ్మా! మా బాలమణిదమ్మా... దవాఖానకొస్తే అందరం ఇదే కట్టుకుంటం."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. చాలాసేపు అమ్మ వీపు మీద గొట్టం పెట్టి విన్నది. తెమడ పరీక్ష, ఎక్స్‌రే రాసింది. "గురువారం రిపోర్టు వస్తది, తప్పకుండ రా. చీర కోసం ఆగకు. నేను చూసేది నిన్ను, చీరను కాదు. పని బట్టలతోనే రా" అంది.

అమ్మ నమ్మలేదు. గురువారం చీర మళ్లీ ఎవరో తీసుకుపోయారు. "వచ్చే వారం పోదాంలే బిడ్డా" అని అడ్డాకు బయల్దేరింది. నేను కొంగు పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాను. ఏడుపు... మామూలు ఏడుపు కాదు. పోయేవాళ్లంతా ఆగి చూస్తుంటే సిగ్గుపడి కదిలింది.

సిమెంటు మరకల చీరతోనే పోయాం. తలుపు దగ్గర అదే ఆయమ్మ. "జర దూరం..." అని ఇంకా అంటూనే ఉంది, లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఆమెను రానియ్యి. దా అమ్మా, నీ కోసమే చూస్తున్న."

ఆ చీర లేకపోయినా గుర్తుపట్టింది! అమ్మ అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రోగమేమో టీబీ... ఆ మాట విన్నప్పుడు మాత్రం ఏడవలేదు.

రోజు విడిచి రోజు పోయి అక్కడే గోలీలు మింగాలి. అడ్డాకు పోయే దారిలో, పని చీరతోనే పోయింది. నెలల తరబడి... ఒక్కసారీ మానలేదు. బతికింది మా అమ్మ.

ఇప్పుడు నల్లకుంటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. పోయిన వారం అమ్మను కళ్లు చూపించడానికి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొద్దున్నే బీరువాలోంచి పట్టుచీర తీసింది. నాకు ఒళ్లు మండింది. "అమ్మా, డాక్టరమ్మ చెప్పింది మర్చిపోయావా?" అన్నాను.

అమ్మ కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఎట్ల మర్శిపోత బిడ్డా... గని అందరు ఆమె లెక్కనే ఉంటరా?" అంది.

ఆసుపత్రిలో కూర్చున్నాక నన్ను నేను చూసుకున్నాను. సెలవు రోజు... అయినా మెడలో ఆఫీసు కార్డు వేసుకునే వచ్చాను.

బాలమణక్క లేదు, ఆ రేకుల ఇళ్లూ లేవు. చీర ఏమైందో తెలియదు. మీ వాడలో కూడా అందరూ కలిసి దాచుకున్న వస్తువు ఏదైనా ఉండేదా? చెప్పండి, వినాలనుంది... మీరు దవాఖానకు ఏం కట్టుకుని పోతారో కూడా చెప్పండి.