అట్లకాడతో కారు నడిపిన సాయంత్రం

కారును స్టీరింగ్‌తో నడిపేవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను ఒక సాయంత్రం అట్లకాడతో నడిపాను. అదీ ఒకవైపు కొండ, ఇంకోవైపు అడుగు కనబడని లోయ ఉన్న దారిలో, పక్కన భార్యను, వెనక అత్తను కూర్చోబెట్టుకొని. ముగ్గురం ప్రాణాలతో ఇల్లు చేరాం కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నాను, నవ్వుకోండి. ఆ పూట మాత్రం మా కారులో నవ్విన పాపాత్ములు ఎవరూ లేరు.

మాది మైదుకూరు. విత్తనాలు, ఎరువుల అంగడి. అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు దాటాయి. ప్రపంచంలో తెలియనిదంటూ ఏమీ మిగల్లేదనుకునే వయసు. మేనత్త కూతురు సుగుణను చేసుకున్నాను కాబట్టి, చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషే నాకు అత్తగారు. ఆమెకు ఒకటే కోరిక. "మన సీమలో వానే సరిగ్గా పడదు. మంచు పడేది ఒక్కసారి చూస్తే చాలు రా, ఇంకేం అడగను" అనేది. సరే, జనవరిలో మా కారులోనే సిమ్లా పైకొండల దాకా పోదామన్నాను.

బయలుదేరే ముందు కడపలో పాత హాలోజన్ బల్బులు పీకించి ఎల్ఈడీ దీపాలు వేయించాను. అంగడతను వెలిగించి చూపించాడు. "అద్దం మీద చెయ్యి పెట్టి చూడన్నా, ఎంత చల్లగా ఉండాదో!"

పెట్టాను. కడపలో పగటిపూట చల్లగా ఉన్న వస్తువు కనబడితే మనం దండం పెట్టే రకం కదా!

"మంచులో గూడా ఇట్లే పని చేస్తాయా?" అని సుగుణ అతన్ని అడిగింది.

అతను నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "వెలుతురుకు ఎండేంది, మంచేంది? నువ్వు ఊరికే ఉండు."

గుర్తుంచుకోండి, తప్పు అంగడతనిది కాదు. వస్తువుదీ కాదు. ఆ రెండింటి మధ్యలో దూరిన నా నోటిది.

సిమ్లా దాటిన రోజు మధ్యాహ్నం కొండ ఎక్కుతుండగా మంచు మొదలైంది. అత్త కిటికీ దించి అరచేయి బయటపెట్టి, చిన్నపిల్ల మాదిరి కేరింతలు కొట్టింది. ఆ సంబరం గంటసేపు కూడా నిలవలేదు. సాయంత్రం అయిదు కాకముందే ఆకాశం బూడిద కుమ్మరించినట్టయింది. రాత్రికి దిగాల్సిన ఊరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుంది.

"బావా, లైట్లు ఎయ్యలేదా?" అంది సుగుణ.

"ఎప్పుడో ఏసినా."

"మరి దోవ కనపడదే?"

నిజమే. రాత్రిని పగలు చేస్తాయనుకున్న దీపాలు, కిరోసిన్ అయిపోయిన బుడ్డీల మాదిరి మినుకుమంటున్నాయి. ఆపి దిగి చూద్దును కదా, రెండు దీపాల మీదా అరచేతి మందాన మంచు మెత్తుకుపోయి ఉంది. లోపల దీపం వెలుగుతూనే ఉంది, దుప్పటి కప్పుకొని పడుకున్నవాడి మాదిరి.

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. పాత బల్బు కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడికే తగలేసేది. ఆ వేడికి ముందున్న అద్దం కాగి, పడిన మంచు పడినట్టే కరిగిపోయేది. ఈ ఎల్ఈడీ తన వేడిని వెనక్కి నెట్టేస్తుంది. అద్దం చల్లగానే ఉంటుంది. చల్లటి అద్దానికి మంచు, బెల్లానికి ఈగ అతుక్కున్నట్టు అతుక్కుంటుంది.

ఇక్కడితో ఆగి చేత్తో తుడుచుకుంటూ పోయుంటే మీకు చెప్పడానికి కథే ఉండేది కాదు.

"వేడే గదా కావాల్సింది? అత్తా, ఫ్లాస్కు ఇటీ!"

"కాఫీకి పెట్టుకున్న నీళ్లు రా అయి!"

"ఇంకోసారి తాగొచ్చులే!"

రెండు దీపాల మీదా వేడినీళ్లు కుమ్మరించాను. మంచు జారిపోయింది. వెలుతురు భళ్లున వచ్చింది. విజయగర్వంతో సీట్లో కూర్చున్నాను. రెండు మలుపులు తిరిగామో లేదో మళ్లీ చీకటి. పోసిన నీళ్లు ఆ చలికి గడ్డకట్టి, అద్దం మీద ఇంకో అద్దం బిగించాయి. దానిమీద మళ్లీ మంచు. కొరివితో తల గోక్కున్నవాళ్ల గురించి విన్నాను. మంచుగడ్డతో గోక్కున్నవాణ్ని నేనే.

"ఆపు బావా! ఆపు!"

బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. చక్రాలు ఆగాయి, కారు మాత్రం తన దోవన తాను పక్కకు జారుతోంది. స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే. వెనక అత్త "గోవిందా" అని మొదలుపెట్టి, రెండో అక్షరం దగ్గరే ఆగిపోయింది. ముందు చక్రం దేన్నో తాకి కారు నిలిచింది. సుగుణ తలుపు కొంచెం తెరిచి, ఫోను టార్చి కిందికి పట్టింది. ఆ వెలుతురు ఎక్కడా నేలను తాకలేదు.

తలుపు మెల్లగా మూసింది. చక్రాన్ని ఆపింది తలకాయంత రాయి.

"నువ్వు వెనక్కి తియ్యి" అంది సుగుణ. "దోవలో పడినాక నేను దిగి ముందర నడుస్తా. నా టార్చి చూసుకొని రా. ఎక్కువ తెలివి చెయ్యొద్దు."

అత్త వంటసామాను మూటలో చెయ్యి పెట్టి అట్లకాడ తీసి నా చేతికిచ్చింది. "పో, గీకు. దోసె మాడితే గీకవా?"

గీకాను. మాడిన దోసె పెనాన్ని వదిలినట్టు గడ్డ పెళ్లలుగా ఊడింది. అంగుళం అంగుళం వెనక్కి తీసి దారిలో పడ్డాను. అప్పట్నించి అదే పని. సుగుణ టార్చితో ముందు నడవడం, నేను గుడ్డెద్దు మాదిరి ఆమె వెనక పాకడం, ప్రతి మలుపులో దిగి గీకడం. వేళ్లు మొద్దుబారి, అట్లకాడ నా చేతిలో ఉందో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. వెనక హారన్లు మోగాయి, తర్వాత ఎందుకో మానేశాయి.

ఊరి దీపాలు కనబడగానే సుగుణ రోడ్డు మీదే కూలబడింది. నేను స్టీరింగ్ మీద తల వాల్చాను.

హోటలు ముందు కారు ఆపితే మా వెనక ఒక బండి ఆగింది. దాని వెనక ఇంకోటి. ఇంకా ఇంకా. ఊరేగింపే! మొదటి బండిలోంచి ఒక పెద్దమనిషి దిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయనది హిందీ. ఉర్దూ అంతో ఇంతో తెలిసిన కడపోళ్లకు అదీ అర్థమవుతుంది కదా.

"మీ వెనకాల వచ్చాం కాబట్టి బతికాం. ప్రతి మలుపులో దిగి పరీక్ష చేస్తిరి, ముందర మనిషిని నడిపిస్తిరి. ఈ కొండల్లో పుట్టినవాళ్లకు గానీ ఆ పద్ధతి తెలియదు" అన్నాడాయన.

నా నంబరు ప్లేటు చూశాను. దాని మీద జానెడు మంచు. మాది ఆంధ్రా బండని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

"రేపు పొద్దున ఎన్నింటికి దిగుతారు? మేమందరం మీ వెనకే."

"ఏమంటాండాడు రా?" అంది అత్త. చెప్పాను. ఆమె శాలువా సర్దుకుంది.

"తల్లీ కూతుళ్లం బస్సులో పోతాండామని చెప్పు. ఆ పైన ఈని ఎనక వచ్చేది రానిది వాళ్ల ఇష్టం."

ఆ మాట మీద మా సీమ సూర్యుణ్ని సాక్షిగా పెట్టుకొని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మంచుదారిలో నన్ను నమ్మి ఎవరైనా నా వెనక వస్తే, కారు పక్కకు తీసి, దండం పెట్టి, ముందు వాళ్లనే పోనిస్తాను.